ఆప్తులెవరు? లైంగిక ఉపసంస్కృతుల చరిత్రలో ఆకరాల ప్రశ్న

తెలుగు సాహిత్య పరిశోధనలో ఆకరం అనే మాటకు స్థిరమైన అర్థం ఏర్పడి ఉంది. శాసనం, తాళపత్రం, కైఫియత్తు, తొలి ముద్రణ, కవి జీవితకాలంలోని లేఖలు ప్రాథమికాకరాలు. వాటిపై వచ్చిన విమర్శ ద్వితీయాకరం. ప్రతి ఎంత ప్రాచీనం, పాఠం ఎంత శుద్ధం, లేఖకుడు ఎక్కడ తప్పాడు అని పరిష్కర్త పరిశీలిస్తాడు. ఆ ఆకరం పుట్టడంలో ఎవరికైనా హాని జరిగిందా అన్న ప్రశ్న అతనికి సాధారణంగా ఎదురుకాదు. లైంగిక ఉపసంస్కృతుల చరిత్ర రాయబూనిన వారికి మాత్రం ఆ ప్రశ్న మొదటి రోజే ఎదురవుతుంది. సమాజం ఆమోదించిన దాంపత్య చట్రానికి వెలుపల తమకంటూ ఒక భాష, ఒక వేషం, కలుసుకునే తావులు, గురుశిష్య సంబంధాలు, లోపలి మర్యాదలు ఏర్పరచుకున్న సమూహాల చరిత్ర అది. ఆ సమూహాల గురించి ప్రభుత్వ అభిలేఖాగారాల్లో దొరికే కాగితాల్లో అధికభాగం వారు రాసినవి కావు. వారిని పట్టుకున్నవారు, పరీక్షించినవారు, శిక్షించినవారు రాసినవి. ఆ కాగితాలతో చరిత్ర రాయడం న్యాయమా? వాటిని వదిలేస్తే మిగిలే మౌనం న్యాయమా?

1871లో బ్రిటిష్ ఇండియా ప్రభుత్వం చేసిన 27వ చట్టం నేరస్థ జాతుల చట్టంగా ప్రసిద్ధం. స్టూవర్టుపురం వంటి సెటిల్మెంట్లు ఆ శాసన పరంపరలోనివే కనుక దాని మొదటి భాగం తెలుగు పాఠకులకు కొంత పరిచితం. రెండో భాగం అంత పరిచితం కాదు. అది ‘యూనక్’ అని ప్రభుత్వం పిలిచిన వారిని, అంటే ప్రధానంగా హిజ్రాలను ఉద్దేశించింది. బాలలను అపహరిస్తారని గాని, బీజచ్ఛేదం చేస్తారని గాని, శిక్షాస్మృతి 377వ సెక్షను కింద నేరం చేస్తారని గాని ‘సహేతుకంగా అనుమానించదగిన’ వారి పేర్లు, నివాసాలు ఒక రిజిస్టరులో నమోదు చేయాలని అది ఆదేశించింది. అలా నమోదైన మనిషి స్త్రీవేషంలో వీధిలో కనిపించినా, బహిరంగంగా పాడినా, ఆడినా వారంటు లేకుండా అరెస్టు చేయవచ్చు. రెండేళ్ల వరకు ఖైదు విధించవచ్చు. మైనరుకు సంరక్షకత్వం వహించడం, దానపత్రం రాయడం, వీలునామా రాయడం, దత్తత తీసుకోవడం నిషిద్ధం. చివరి నిషేధాల వెనుక ఉన్న లెక్క గమనించదగినది. గురువు నుంచి శిష్యులకు ఆస్తి, వృత్తి, విద్య సంక్రమించే మార్గాలను చట్టం మూసివేసింది. ఆ సమూహం తరంతో అంతరించిపోవాలన్నది పాలకుల ఉద్దేశమని జెస్సికా హించీ 2019లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ ముద్రణాలయం ద్వారా వెలువరించిన గ్రంథంలో విస్తారంగా నిరూపించారు. వైపరీత్యమేమిటంటే, ఒక సమూహాన్ని మాపడానికి రాయించిన కాగితాలే ఆ సమూహపు 19వ శతాబ్ది జీవనానికి అత్యంత విస్తృతమైన ఆకరాలయ్యాయి.

1884లో అలహాబాదు హైకోర్టు నిర్ణయించిన క్వీన్ ఎంప్రెస్ వర్సెస్ ఖైరాతి కేసు ఇందుకు ఉదాహరణ. మొరాదాబాదు ప్రాంతంలో ఖైరాతి స్త్రీవేషం ధరించి స్త్రీల మధ్య పాడుతుండగా పోలీసులు పట్టుకున్నారు. సివిల్ సర్జను శరీర పరీక్ష చేశాడు. ఆ పరీక్షాఫలితం మీద, ఆ వేషం మీద ఆధారపడి సెషన్సు న్యాయస్థానం 377వ సెక్షను కింద నేరం నిర్ధారించింది. నేరం ఎప్పుడు, ఎక్కడ, ఎవరితో జరిగిందో అభియోగంలో లేదు. ఆ కారణంతోనే హైకోర్టు శిక్షను రద్దు చేసింది. అయితే విడుదల చేసిన న్యాయమూర్తే ఇటువంటి ఆచారాలను అణచాలన్న స్థానిక అధికారుల కోరికను మెచ్చుకున్నారు. అంటే నేరం రుజువు కాని తీర్పులో కూడా ఖైరాతి జీవనం నేరంగానే మిగిలింది. నాలుగు మాటల్లో చెప్పదగిన ఆ కేసులో ఖైరాతి శరీరం గురించి వైద్యుడు చెప్పింది ఉంది. ఏ పాట పాడుతుండగా పట్టుకున్నారో అందులో లేదు. ఎవరి దగ్గర నేర్చుకున్న పాటో లేదు.

ఈ తీర్పుకు రెండో జీవితం ఉంది. 2014లో సుప్రీంకోర్టు నల్సా తీర్పులో ఖైరాతి కేసు ప్రస్తావనకు వచ్చింది. ట్రాన్స్‌జెండర్ వ్యక్తులు చారిత్రకంగా పొందిన హింసకు అది సాక్ష్యంగా నిలిచింది. హింసించినవారు రాసిపెట్టకపోతే హింస జరిగిందని నిరూపించే కాగితం ఉండేది కాదు. కాబట్టి ఇటువంటి ఆకరాలను పూర్తిగా విసర్జించాలనే వాదం నిలవదు. వాటిని వాడక తప్పదు. ఎలా వాడాలన్నదే చర్చనీయం.

ఇక్కడ భారతీయ ప్రమాణశాస్త్రం చేసిన ఆలోచన ఆధునిక అభిలేఖాగార చర్చలకన్నా సూక్ష్మంగా ఉపకరిస్తుంది. శబ్దప్రమాణం ఆప్తుని ఉపదేశమని న్యాయసూత్రం. ఆప్తుడంటే ఎవరన్నదానికి భాష్యకారుడు వాత్స్యాయనుడు రెండు లక్షణాలు చెబుతాడు. విషయాన్ని ఉన్నదున్నట్టు ఎరిగి ఉండాలి. ఎరిగినదాన్ని ఉన్నదున్నట్టు చెప్పాలన్న కోరిక ఉండాలి. ఈ లక్షణం ఋషికి, ఆర్యునికి, మ్లేచ్ఛునికి సమానమని కూడా అంటాడు. పుట్టుకా పదవీ ఆప్తత్వాన్ని ఇవ్వవు. మొరాదాబాదు ఠాణా రాతగాడికి ఈ పరీక్ష పెడితే సమాధానం ఒక్కటిగా రాదు. ఖైరాతిని ఏ వీధిలో, ఏ వేషంలో పట్టుకున్నారన్న విషయంలో అతడు ఆప్తుడు కావచ్చు. ఆ వేషానికి అర్థమేమిటన్న విషయంలో కాడు. ఆ జీవనాన్ని ఎరిగినవాడు కాడు. ఎరగాలన్న కోరికా కనిపించదు. ఒకే దస్తావేజులో ఒక వాక్యం ప్రమాణం, తరువాతి వాక్యం అప్రమాణం కావచ్చునన్న మాట. సిద్ధాంత గ్రంథాల పాదసూచికలు ఈ విభజన చేయవు. దస్తావేజు సంఖ్య ఇచ్చి ఊరుకుంటాయి. ఆ సంఖ్య కింద రాతగాడి అజ్ఞానం కూడా ప్రమాణంగా చలామణి అవుతుంది.

మౌనం గురించి మీమాంసకులు, ముఖ్యంగా కుమారిలభట్టు సంప్రదాయంవారు చెప్పినది మరింత కీలకం. ఒక వస్తువు కనిపించకపోవడం దాని లేమికి ప్రమాణం. దానినే అనుపలబ్ధి అన్నారు. అయితే వెంటనే ఒక నియమం పెట్టారు. వస్తువు అక్కడ ఉంటే తప్పక కనిపించవలసిన పరిస్థితిలో కనిపించకపోతేనే అది లేదని చెప్పాలి. వెలుతురున్న గదిలో కుండ కనిపించకపోతే కుండ లేదు. చీకటి గదిలో కనిపించకపోతే ఏమీ తేలదు. ‘మన సాహిత్యంలో, మన సమాజంలో ఇటువంటివి లేవు, ఆధారాలు లేవు కదా’ అనే వాక్యం పరిశోధన సదస్సుల్లో వినిపించినప్పుడల్లా అడగవలసిన ప్రశ్న ఇదే. నమోదైతే జైలుకు, వెలికి, వైద్యుని బల్లమీదికి వెళ్లవలసి వచ్చే కాలంలో ఎవరు నమోదు చేసుకుంటారు? దాచుకోవడమే ప్రాణరక్షణ అయిన చోట ఆకరాల లేమి గది చీకటిని మాత్రమే రుజువు చేస్తుంది. ఇదే నియమం రెండోవైపూ వర్తిస్తుందని మరువరాదు. చీకటి గదిలో కుండ ఉందని కూడా చెప్పలేం. ప్రాచీన కావ్యంలో కనిపించిన ప్రతి సఖీస్నేహాన్ని, ప్రతి వేషమార్పిడిని నేటి గుర్తింపులకు పూర్వరూపంగా చూపే ఉత్సాహం కూడా ప్రమాణరహితమే. సానుభూతి ఆ లోపాన్ని పూరించదు.

వైద్యుల కాగితాల స్థితి పోలీసుల కాగితాలకన్నా కొంత సంకీర్ణం. 1886లో వెలువడిన క్రాఫ్ట్ ఎబింగ్ ‘సైకోపతియా సెక్సువాలిస్’ సామాన్యులకు అందకుండా కొన్ని భాగాలను లాటిన్‌లో ఉంచిన గ్రంథం. అయినా సామాన్యులు చదివారు. చదివి తమ జీవితకథలు రాసి ఆ వైద్యునికే పంపారు. ఆ లేఖలను పరిశీలించిన హ్యారీ ఊస్టర్హౌస్, వాటిని రాసినవారు తమ మాట తాము చెప్పుకొన్న తీరును 2000లో వెలువడిన గ్రంథంలో చూపారు. రోగనిర్ణయ పట్టికలో ఇరికించిన చోట కూడా ఆప్తుని స్వరం వినిపించే సందర్భమిది. అదే వైద్యుడు అప్పటికింకా జీవించి ఉన్న రచయిత జాకర్ మాసోక్ పేరును అతని అనుమతితో నిమిత్తం లేకుండా ఒక వికృతికి పేరుగా పెట్టాడు. ఆ రచయిత ఏం రాశాడో ఎరగనివారికి కూడా నేడు ఆ పేరు తెలుసు. ఒక మనిషి పేరును ఆకరంగా మార్చడంలోని హింసకు ఇంతకన్నా బహిరంగమైన ఉదాహరణ అరుదు.

ఇక తమవారు తామే సేకరించుకున్న ఆకరాల గతి చూడాలి. మాగ్నస్ హిర్ష్‌ఫెల్డ్ 1919లో బెర్లిన్‌లో లైంగికశాస్త్ర సంస్థను స్థాపించాడు. పురుషుల మధ్య సంబంధాన్ని శిక్షించే జర్మన్ శిక్షాస్మృతి 175వ పరిచ్ఛేదం మీద అతడు దశాబ్దాలు పోరాడాడు. ఆ శిక్షాస్మృతి కూడా 1871 నాటిదే కావడం కాకతాళీయమైనా గమనించదగినది. సంస్థలో వైద్యశాల, గ్రంథాలయం, ఛాయాచిత్రాలు, సలహా కోరి వచ్చినవారు స్వయంగా పూరించిన ప్రశ్నావళులు ఉండేవి. 1933 మే 6న సంస్థపై దాడి జరిగింది; ఉదయం వచ్చినవారు విద్యార్థులు. నాలుగు రోజుల తరువాత ఆ పుస్తకాలు బెర్లిన్ ఒపేరా కూడలిలో తగలబడ్డాయి. ఉపన్యాస యాత్రలో భాగంగా 1931లో భారతదేశం కూడా చూసి వెళ్లిన హిర్ష్‌ఫెల్డ్, పారిస్‌లోని ఒక సినిమాహాలులో ఆ మంటలను వార్తాచిత్రంలో చూశాడు. 1935లో నీస్ నగరంలో మరణించాడు. విశ్వవిద్యాలయ విద్య పొందుతున్నవారే ఆకరాలను నాశనం చేశారన్న వాస్తవాన్ని విశ్వవిద్యాలయాల్లో ఆకరాలు లేవని వాపోయే సందర్భంలో గుర్తుంచుకోవాలి.

ఆ సంస్థ అవశేషాల్లో కొన్ని బయటపడిన తీరు విచిత్రం. ఆసియా యాత్రలో హిర్ష్‌ఫెల్డ్‌కు శిష్యుడు, సహచరుడు అయిన లీ షియూ తోంగ్ గురువు కాగితాలను ఆరు దశాబ్దాలు వెంట మోసుకు తిరిగాడు. 1993లో అతడు కెనడాలోని వాంకూవర్‌లో మరణించాక ఆ పెట్టెలు చెత్తలోకి వెళ్లాయి. అదే భవనంలో ఉండే ఒకరు వాటిని చూసి పదిలపరచారు. తర్వాతి దశకంలో బెర్లిన్ పరిశోధకులు వాటి జాడ కనుగొన్నారు. ఏ గ్రంథాలయ సూచికా ఈ పెట్టెలను చూపగలిగేది కాదు. అటకమీది తాటాకుల కట్ట గోదావరి పుష్కరాలకు నీటిపాలయ్యే లోపు ఎవరో ఒకరు చూసి ఆపిన కథలు తెలుగు పరిష్కర్తలకు కొత్త కాదు కనుక, ఈ సంఘటన వారికి సులువుగానే అర్థమవుతుంది.

చెత్తలో చేరకుండా గ్రంథాలయం చేరినవాటికీ దాపరికం తప్పలేదు. బ్రిటిష్ మ్యూజియంలో ‘ప్రైవేట్ కేస్’, ఫ్రాన్సు జాతీయ గ్రంథాలయంలో ‘నరకం’ అని పేరుపెట్టిన అర, ఇవన్నీ తాళం వేసిన జ్ఞానం. అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వర్గీకరణలో స్వలింగప్రేమకు సంబంధించిన గ్రంథాలు 1972 వరకు ‘అసహజ లైంగిక సంబంధాలు’ అనే శీర్షిక కింద, లైంగిక నేరాల సరసన ఉండేవి. వెతికే విద్యార్థి ముందు తాను వెతుకుతున్నది నేరమని ఒప్పుకున్న తరువాతే పుస్తకం దొరుకుతుంది. గ్రంథసూచి నిష్పాక్షికమని నమ్మేవారు ఈ ఒక్క ఉదాహరణ ఆలోచించినా చాలు.

శాన్‌ఫ్రాన్సిస్కో తోలుదుస్తుల ఉపసంస్కృతి, ఆంగ్లంలో ‘లెదర్’ అని పిలుచుకునేది, ఈ చర్చకు మరో దృష్టాంతం. 1964 జూన్‌లో లైఫ్ పత్రిక అమెరికాలోని స్వలింగప్రేమికుల గురించి ఒక పెద్ద కథనం ప్రచురించింది. అందులో టూల్ బాక్స్ అనే మద్యశాల గోడమీద చక్ ఆర్నెట్ వేసిన కుడ్యచిత్రం ఛాయ ఉంది. ఆ పత్రిక ఉద్దేశం ఒక వింతను లోకానికి చూపడం. ఆ చిత్రం వేసినవారి ఉద్దేశం తమను తాము చూసుకోవడం. ఒకే పుటలో పరాయి ఆకరం, సొంత ఆకరం రెండూ ఉన్నాయి. భవనం కూల్చాక కూడా ఆ గోడ కొంతకాలం నిలిచి ఉంది; దారినపోయేవారు ఎండలో ఆ చిత్రాన్ని చూశారు. ఈ ఉపసంస్కృతి మీద 1970ల చివర పరిశోధన ప్రారంభించి 1994లో మిషిగన్ విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేటు పొందిన మానవశాస్త్రవేత్త గేల్ రూబిన్, తన సిద్ధాంత గ్రంథానికి కావలసిన ఆకరాలను చాలామేరకు తానే పోగుచేసుకోవలసి వచ్చింది. ఆస్తి రికార్డులు, మద్యశాలల ప్రకటనలు, సభ్యులకే పంచిన కరపత్రాలు, నోటిమాటలు ఆమెకు ఆధారాలు. ఈ రంగంలో జ్ఞానం ప్రతి తరంలో పోయి మళ్లీ మొదటినుంచి కనుగొనవలసి వస్తున్నదని, దానికి కారణం సంస్థల అండ లేకపోవడమేనని ఆమె వాదం. ఎయిడ్స్‌తో మరణించినవారి వస్తువులను కుటుంబాలు సిగ్గుతో పారవేస్తున్న రోజుల్లో, 1991లో చికాగోలో చక్ రెన్స్లో, టోనీ డిబ్లేస్ లెదర్ ఆర్కైవ్స్ అండ్ మ్యూజియం స్థాపించారు. అక్కడి కాగితాలు దాచుకున్నవారే ఇష్టపడి అప్పగించినవి, లేదా వారి మిత్రులు కాపాడినవి. వాటిలో అతిశయోక్తి ఉండదని కాదు. తమ గురించి తాము చెప్పుకునేవారు కూడా దాస్తారు, పెంచుతారు. కాని పరిశోధకుడు సరిచూడవలసినది అక్కడ ఒక మనిషి మాటను. ఠాణా రికార్డులో సరిచూడవలసినది ఒక మనిషి మీద పడిన ముద్రను.

తెలుగు ఆకరాల్లో ఈ భేదాన్ని స్పష్టంగా చూపేది ‘రాధికా సాంత్వనము’ ప్రచురణ చరిత్ర. తంజావూరు మరాఠా రాజు ప్రతాపసింహుని కొలువులోని ముద్దుపళని కావ్యం అది. ఉపసంస్కృతి అనే మాట 18వ శతాబ్ది తంజావూరుకు సరిపడదు. భోగస్త్రీల విద్య, కళ ఆనాటి రాచకొలువులో అంతర్భాగం. దానిని వెలుపలికి నెట్టి ఉపసంస్కృతిగా మార్చింది తరువాతి శతాబ్దం. ముద్దుపళని తన అవతారికలో తన పేరు, తన వంశక్రమం తానే చెప్పుకుంది. 1887లో పైడిపాటి వెంకటనరసు పరిష్కరణలో ఆ వంశక్రమం, కొన్ని పద్యాలు లోపించాయి. వీరేశలింగం కవుల చరిత్రలో ఆమెను తూలనాడాడు. బెంగళూరు నాగరత్నమ్మ తాళపత్ర ప్రతితో పోల్చి చూసి, లోపించినవి చేర్చి, వీరేశలింగానికి పీఠికలో జవాబు చెప్పి 1910లో ప్రచురించింది. మరుసటి సంవత్సరం ప్రభుత్వం అశ్లీలమని నిషేధించింది. నిషేధం 1947లో తొలగింది; వావిళ్ళవారు 1952లో మళ్లీ ముద్రించారు. నాగరత్నమ్మ చేసిన పనిని సాధారణంగా పాఠపరిష్కరణగానో, సాహసంగానో కొనియాడతారు. అది ప్రధానంగా ఒక నైతిక నిర్ణయం. తన పేరు తానే రాసుకున్న మనిషి పేరును తీసివేయడం అన్యాయమని ఆమె ఎరిగింది.

ఖైరాతి పేరు, ముద్దుపళని పేరు రెండూ నేటి గ్రంథసూచుల్లో కనిపిస్తాయి. ఒకటి కవయిత్రి అవతారికలో స్వహస్తంతో నిలిపింది. మరొకటి అభియోగపత్రంలో ఇతరులు ఎక్కించింది. ముద్దుపళని పేరును దాచినవాడు దోషి అయితే, ఖైరాతి వంటివారి పేర్లను పోలీసు రిజిస్టరు నుంచి ఎత్తి పుస్తకాల అనుబంధాల్లో జాబితాలుగా అచ్చువేసేవాడు అదే దోషాన్ని తిరగేసి చేస్తున్నాడు. పేరు అచ్చువేయడం మంచిదా కాదా అని ఒకే సూత్రం కోసం వెతికితే దొరకదు. ఆ పేరు కాగితం మీదికి ఎవరి చేతితో వచ్చిందన్నదే చూడాలి. ఖైరాతి పేరు తీర్పు శీర్షికలోనే ఉండి, ఇద్దరు ముగ్గురు న్యాయమూర్తుల కలాల మీదుగా బహిరంగమై, చివరికి ఆ మనిషి వంటివారి హక్కుల పక్షాన నిలిచింది కనుక దానిని ఇప్పుడు దాచడంలో అర్థం లేదు. రిజిస్టరులో మిగిలిన వేరొక మనిషికి ఆ సమర్థన వర్తించదు.

చనిపోయినవారికి గోప్యత ఏమిటన్నది దీనికి వచ్చే ప్రధానమైన ఆక్షేపం. నూరేళ్లు దాటిన తరువాత సత్యమే ప్రధానం, సరిచూసుకునే వీలు లేని పాదసూచిక పరిశోధనే కాదు అంటారు. ఈ ఆక్షేపంలో బలం ఉంది. సరిచూసే వీలు లేకపోతే ఎవరైనా ఏమైనా కల్పించవచ్చు. ఈ రంగంలో కల్పనకు కొదవ కూడా లేదు. కాని సరిచూడడానికి కావలసినది దస్తావేజు ఎక్కడ ఉందన్న సమాచారం. నమోదైనవారి పేరు పుస్తకంలో అచ్చు కావడం అందుకు అవసరం కాదు. అభిలేఖాగారానికి వెళ్లి కట్ట విప్పే శ్రమ తీసుకున్న మరో పరిశోధకునికి అది దొరుకుతుంది. పైగా హిజ్రా సమూహాల్లో బంధుత్వం రక్తం వెంట కాక గురుశిష్య పరంపర వెంట నడుస్తుంది. మరణించిన గురువు పేరు ఆ పరంపరలో ఇంకా బతికే ఉంటుంది. మృతులకు గోప్యత లేదన్నవారు ఎవరి వారసత్వాన్ని లెక్కలోకి తీసుకుంటున్నారో ఆలోచించాలి. దత్తతను, వీలునామాను నిషేధించిన చట్టం ఆ వారసత్వాన్నే గుర్తించలేదు. పరిశోధకుడు కూడా గుర్తించకపోతే ఆ చట్టం ఉద్దేశాన్ని కొనసాగించినవాడవుతాడు.

ఈ విషయం తెలుగు నేలకు దూరపుది కాదు. 1871 చట్టం నమూనాలోనే నిజాం రాజ్యంలో 1329 ఫసలీ, అనగా 1919 నాటి యూనక్‌ల చట్టం వచ్చింది. అది కూడా పేర్ల రిజిస్టరును, స్త్రీవేషానికి వారంటులేని అరెస్టును విధించింది. నిజాం పాలన పోయినా, రాష్ట్రాలు మారినా, తెలంగాణ ప్రాంతపు చట్టంగా శాసనగ్రంథాల్లో నిలిచి ఉంది. 2023 జూలైలో తెలంగాణ హైకోర్టు రాజ్యాంగవిరుద్ధమని కొట్టివేసింది. అంటే నూరేళ్లకు పైగా ఆ రిజిస్టరుకు చట్టబద్ధమైన చోటు ఉంది. హైదరాబాదు నగర చరిత్ర, దక్కనీ ఉర్దూ, తెలుగు జనజీవనం మీద పనిచేసేవారు ఆ చట్టం కింద పుట్టిన కాగితాలను చదవవలసిందే. ఆ కాగితాల్లోని వయస్సులు, మొహల్లాలు, వృత్తులు, ఆస్తుల వివరాలు, అరెస్టుల కారణాలు చరిత్రకు కావాలి. ఆ వివరాలు రాసిన చేయి ఏదన్నదీ కావాలి. కాబట్టి ప్రచురణలో సంతకం చేసిన అధికారి పేరు, హోదా, తేదీ పూర్తిగా ఇవ్వాలి. ఏ వాక్యం అతడు కళ్లారా చూసింది, ఏది అతని ఊహ అన్నది పాదసూచికలో విడదీయాలి. నమోదైన మనిషి పేరు ఉన్న చోట క్రమసంఖ్య వేయాలి. ఎప్పుడైనా ఒక పరంపరకు చెందినవారు ఇది మా గురువు పేరు, అచ్చువేయండి అని వస్తే, మలిముద్రణలో ఆ సంఖ్య స్థానంలో పేరు చేర్చాలి.